గోడకెదురుగా గంజిస్వామి

కొవ్వూరులో రేవుకు వెళ్లే వీధిలో సూర్యప్రకాశం పంతులుగారి పెంకుటిల్లు ఉండేది. ఆయనకు తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు, భార్య లలితాంబ చేతివంటకు ఆ వీధిలోనే పేరు. లేనిదల్లా మనశ్శాంతి. అది లేకపోవడానికి కారణం ఒక గోడ.

గోడ అంటే కోటగోడేమీ కాదు. ఆయన ఇంటికీ, పినతండ్రి కొడుకు భాస్కరం ఇంటికీ మధ్య వీధి అరుగు దగ్గర మొదలై పెరటి దాకా సాగిన మట్టిగోడ. పైన తాటాకుల కప్పు, మధ్యలో నాచు, పిల్లులు నడిచి నడిచి అరిగిపోయిన అంచు. ఎప్పుడో ఒక వానాకాలం భాస్కరం భార్య రామతులసి ఆ గోడ మీదికి ఆనపపాదు పాకించింది. పాదు గోడెక్కి, ఇవతలికి దిగి, పంతులుగారి పెరట్లో కాయ కాసింది. కాయ ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. కాయ ముదిరింది, ఎండింది, బుర్ర అయిపోయింది. ప్రశ్న మాత్రం లేతగానే ఉండి, కాయ మీంచి పాదుకీ, పాదు మీంచి గోడకీ పాకి, ఆఖరికి గోదావరి దాటి రాజమండ్రి మున్సబు కోర్టులో దిగింది.

అప్పటినుంచీ అన్నదమ్ములిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వకీళ్ల నోటిమీదుగానే. పంతులుగారు పడుకున్నా లేచినా సాక్షుల్ని విచారణ చేస్తూ ఉండేవారు. భోజనం చేస్తూ కూరలో వంకాయముక్కని ఎదుటిపక్షం సాక్షిలా గుచ్చి చూసేవారు. రామనామం జపిద్దామని కూర్చుంటే నాలుగు నామాలకోసారి ప్రతివాది పేరు దొర్లేది. ఎవరో బైరాగి చెబితే ప్రాణాయామం చేశారు. ముక్కు వాచింది తప్ప మనసు చల్లబడలేదు. వైద్యుడు తలకి తైలం పట్టించమన్నాడు. తల చల్లబడింది గాని అందులో ఉన్నది చల్లబడలేదు. కేసు గెలిస్తే శాంతి అదే వస్తుందని ఆయన నమ్మకం.

"గెలిస్తే అప్పీలు వస్తుంది లెండి" అని లలితాంబ ఒకసారి అంది. మళ్లీ అనలేదు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు ఆవిడకు లేదు.

ఆ ఏడు శ్రావణంలో గోదావరి పోటెత్తింది. అప్పటికింకా రైలువంతెన కట్టలేదు. రైలు దిగినవాళ్లు కొవ్వూరు రేవులో స్టీమరెక్కి అవతలి ఒడ్డుకు చేరాలి. వరదకి స్టీమరు ఆగిపోయింది, పడవలూ ఆగిపోయాయి. ప్రయాణికులంతా ఊరిమీద పడ్డారు. సత్రాలు నిండి, అరుగులు కూడా నిండాయి. పంతులుగారికి రాజమండ్రిలో వాయిదా ఉంది. రేవు దాకా వెళ్లి, ఎర్రటి నీళ్లలో చెట్లకు చెట్లే కొట్టుకుపోవడం చూసి, గోదావరి కూడా భాస్కరంతో కుమ్మక్కయిందన్న అనుమానంతో ఇంటికి తిరిగొచ్చారు.

వచ్చేసరికి ఆయన అరుగు మీద ఒక కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. బోడిగుండు, నల్లని పొడుగాటి అంగీ, పక్కన చిన్న మూట, మెట్టు దగ్గర గడ్డితో అల్లిన చెప్పులు. ప్రయాణికుడు అరుగు మీద కూర్చోవడంలో వింతేమీ లేదు. కానీ అరుగెక్కినవాడు ఎవడైనా వీధికేసి చూస్తాడు. ఇతను వీధికి వీపు పెట్టి, మడిచిన దుప్పటి మీద బాసింపట్టు వేసుకుని, తగువులో ఉన్న గోడకేసి చూస్తున్నాడు. కదలడు, మెదలడు.

పంతులుగారు మెట్టు దగ్గరే ఆగిపోయారు. కోర్టు భాషలో ఆయనకు బాగా వంటబట్టిన మాట స్వాధీనం. పరాయి మనిషిని కూర్చోబెట్టి గోడను చూపుల్తోనే స్వాధీనం చేసుకునే ఎత్తు భాస్కరం వేశాడని ఆయనకు క్షణంలో తోచింది. ఎవరు నువ్వని తెలుగులో అడిగారు. సంస్కృతంలో అడిగారు. ఆ మనిషి లేచి, నడుము వంచి దణ్ణం పెట్టి, గుండెమీద చెయ్యి వేసుకుని "గెంజు" అన్నాడు. మళ్లీ గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

"గంజి అడుగుతున్నాడు పాపం" అంది లోపలినుంచి లలితాంబ, ఒక గిన్నెడు గంజి ఉప్పు వేసి తెచ్చి పెట్టింది. అతను రెండు చేతులా అందుకుని, చుక్క మిగలకుండా తాగి, గిన్నె తనే కడిగి బోర్లించాడు. సాయంత్రానికల్లా వీధంతా అతన్ని గంజిస్వామి అనసాగింది. పాపం, గెంజు అన్నది అతని పేరు.

మర్నాడు పంతులుగారు మిషను బళ్లో చదువు చెప్పే లాజరుకు కబురు పెట్టారు. లాజరు దొరల దగ్గర ఇంగ్లీషు నేర్చినవాడు. మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, చేతిలో గొడుగు. క్రైస్తవం పుచ్చుకున్న కుటుంబం కాబట్టి ఆ వీధిలో అరుగులెక్కే ఆచారం లేదు. మెట్ల కింద గొడుగేసుకుని నిలబడి ఆ మనిషితో ఇంగ్లీషులో మాట్లాడాడు. అతనికి వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. ఆ కొంచెంలోంచి లాజరు రాబట్టినది ఇది: అతనిది జపాను దేశం, అక్కడి మఠంలో సన్యాసి. సింహళంలో కొన్నాళ్లుండి, బుద్ధుడికి జ్ఞానం కలిగిన చోటు చూడ్డానికి ఉత్తరాదికి పోతున్నాడు. స్టీమరు నడిచేదాకా ఇక్కడ కూర్చుంటానంటున్నాడు.

"కూర్చోమను. గోడలో ఏం వెతుకుతున్నాడో అడుగు" అన్నారు పంతులుగారు.

లాజరు అడిగాడు. "ఏమీ వెతకడం లేదటండి."

"మరి ఏం కనిపిస్తోందట?"

"గోడ కనిపిస్తోందటండి."

పంతులుగారు గొంతు తగ్గించారు. "ఎవరి గోడో అడుగు."

ఆ ప్రశ్న ఇంగ్లీషులోకి మార్చడానికి లాజరు కొంచెం తడుముకున్నాడు. గంజిస్వామి శ్రద్ధగా విని, ముందుకు వంగి, గోడకు అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి చూసుకుని ఏదో అన్నాడు.

"తడి గోడ అంటున్నాడండి" అన్నాడు లాజరు. ఎవరికి మొక్కుతాడో తెలియని మనిషి మాటల్ని మోయడానికి అతని మనసు ఒప్పుకోవడం లేదు. అందుకని జోడించాడు: "ఇది ఆయన మాట, నా మాట కాదండి."

పంతులుగారు ఆ పూటంతా ఆ మాటే నెమరేశారు. తడి గోడ. సంసారమే తడి అనా? రాగద్వేషాల్లో నానినదనా? రెండిళ్ల కన్నీళ్లతో తడిసిందనా? ఎంత ఆలోచిస్తే అంత లోతుగా కనిపించింది. సామాన్యుడు అనగలిగిన మాట కాదని తేల్చుకున్నారు.

మూడో రోజు లాజరు మరో సంగతి రాబట్టాడు. గోడకేసి కూర్చునే ఈ విద్య వాళ్ల దేశంలో పుట్టింది కాదట. మన దక్షిణాది వాడే ఒక సన్యాసి పూర్వం సముద్రం దాటి చీనా వెళ్లి, ఒక గోడకెదురుగా ఏళ్ల తరబడి కూర్చున్నాడట. ధ్యానం అన్న మన మాటే అక్కడ నోళ్లలో నాని నాని జెన్ అయిందట.

"అంతదూరం వెళ్లి గోడ చూశాడా?" అన్నారు పంతులుగారు. ఆ వెంటనే, "ఆ గోడ మీద దావా ఏమైనా ఉందేమో కనుక్కో" అన్నారు.

దావా సంగతి స్వామికి తెలియదు.

ఏమైనా మనవాడి విద్య మన అరుగు మీద పరాయివాడు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం బాగుండలేదు. పైగా స్వాధీనం అనేది స్వయంగా ఉంటేనే బలం. ఈ రెండు ఆలోచనలతో పంతులుగారు ఒక పీట తెచ్చుకుని గంజిస్వామి పక్కన కూర్చున్నారు. శాంతి సంగతి అప్పటికి ఆయన లెక్కలో లేదు.

ఆ గోడ పొడుగూ ఎత్తూ ఆయన అర్జీల్లో లెక్కలేనన్నిసార్లు రాయించారు. దాన్ని చూడటం మాత్రం అదే మొదలు. మట్టిలో గడ్డిపోచలు కనిపించాయి. ఒక గుల్ల కనిపించింది. అలికినవాళ్ల వేళ్ల గీతలు కనిపించాయి, చిన్నచేతులవి. ఏ ఇల్లాలి చేతులో. ఒక చీమలబారు గోడ ఇవతల ఎక్కి, ఎవరినీ అడక్కుండా అవతలికి దిగుతోంది.

ఊరికే చూస్తే చాలదట, ఊపిరి లెక్కపెట్టాలట. ఒకటి, రెండు, మూడు, అలా పది దాకా వెళ్లి మళ్లీ మొదలు. మధ్యలో మనసు జారితే మళ్లీ ఒకటి నుంచి. ఇంతేనా అనుకున్నారు పంతులుగారు. ఒకటి బాగానే ఉంది. రెండూ బాగానే ఉంది. మూడు అనేసరికి భాస్కరం తరఫు మూడో సాక్షి బంగార్రాజు గుర్తొచ్చాడు. పాదు పెట్టిననాడు తను అక్కడే ఉన్నానని ప్రమాణం చేసి అబద్ధమాడిన మనిషి. వాణ్ణి అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగి, వాడి చేత నీళ్లు నమిలించి, తలెత్తి చూసేసరికి లలితాంబ భోజనానికి పిలుస్తోంది.

ఎన్నిసార్లు కూర్చున్నా మూడు దగ్గర బంగార్రాజు కాచుకుని ఉండేవాడు. పంతులుగారు లాజరు ద్వారా మొరపెట్టుకున్నారు. గంజిస్వామి ఒకే మాట అన్నాడు.

"మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టమంటున్నాడండి."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లయినా."

పంతులుగారి మొహం విప్పారింది. "అంటే వాయిదా అన్నమాట. ఆ మాట ముందే చెబితే పోయేదిగా. వాయిదాల్లో నాకు అలవాటే."

వాయిదా అంటే ఏమిటని స్వామి అడిగాడు. లాజరు చాలాసేపు వివరించాడు: కోర్టుకు వెళ్లడం, రోజంతా కూర్చోవడం, ఏమీ జరక్కుండా తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం, విసుగు చెందకపోవడం. గంజిస్వామి అంతా విని, వచ్చిన తరవాత మొదటిసారి పకపకా నవ్వి, సరిగ్గా అదేనన్నాడు. ఈసారి లాజరు అది ఎవరి మాటో చెప్పడం మరిచిపోయాడు.

అక్కడినుంచి పని కొంచెం సాగింది. బంగార్రాజు వచ్చేవాడు, పంతులుగారు ప్రశ్న వెయ్యకుండా వాయిదా వేసేవారు. ప్రశ్న వెయ్యనప్పుడు సాక్షి మాత్రం ఎంతసేపని నిలబడతాడు? వెళ్లిపోయేవాడు. ఒకనాటి మధ్యాహ్నం ఆయన అన్నంలోంచి తలెత్తి ఇదేం కూరని అడిగారు. కందాబచ్చలి అని లలితాంబ చెప్పింది. చాలా బాగుందన్నారు. ఆవిడ చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది. ఆ కూర ఆ ఇంట్లో వారానికోసారి వండుతూనే ఉంది.

ఇంతలో వాన జోరందుకుంది. చూరునీళ్ల చప్పుడుకి మెట్ల కింద లాజరు అనేది అరుగు మీదికి వినబడటం లేదు. గొడుగు తిరగబడింది, కోటు నీళ్లోడుతోంది. పంతులుగారు అప్పుడు అయిదో ఊపిరి మీద ఉన్నారు. అయిదు చూడటం ఆయనకు అదే మొదటిసారి. అది పోగొట్టుకోవడం ఇష్టం లేక, నోరు విప్పకుండా చేత్తోనే పైకి రమ్మని సైగ చేశారు. లాజరు సందేహించాడు.

"వీధివాళ్లు చూస్తారండి" అన్నాడు.

"చూడనీ నాయనా, ముందు పైకి రా" అని తలుపు చాటునుంచి లలితాంబ ఒక చాప ముందుకు తోసింది. లాజరు చాప మీద కూర్చున్నాడు. పని లేనప్పుడు అతనూ కళ్లు మూసుకునేవాడు. తను చేస్తున్నది తన ప్రార్థనేనని ముందుగానే చెప్పి మరీ మూసుకునేవాడు.

వరద తగ్గుముఖం పట్టిందని రేవులో అనుకుంటున్న రోజున, గంజిస్వామి గోడకేసి చెవి ఒగ్గి, మెచ్చుకోలుగా తల ఊపి ఏదో అన్నాడు.

"గోడకి అవతల ఇంకొకాయన కూర్చుంటున్నాడటండి" అన్నాడు లాజరు. "ఊపిరి చాలా దీర్ఘంగా, నిదానంగా ఉందట. ఇన్నాళ్లలో మనందరికన్నా ఆయనే బాగా కూర్చుంటున్నాడంటున్నాడు."

పంతులుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. గోడకి అవతల ఉండేది ఒక్కడే. అన్న విదేశపు సాక్షిని పెట్టుకుని గోడ దగ్గర మకాం వేశాడని తెలిసి, భాస్కరం కూడా తన స్వాధీనం నిలుపుకోవడానికి అవతల బల్ల వేసుకుని కూర్చోవడం మొదలెట్టాడు. కూర్చుంటే కూర్చున్నాడు. ఈ విద్యలో కూడా వాడిదే పైచెయ్యా? గురువు లేడు, లెక్క లేదు, గంజి పోసింది లేదు. వాడికెలా కుదిరింది? ఆ పూట పంతులుగారు ఒకటి కూడా దాటలేదు.

మర్నాడు ఉదయం గంజిస్వామి గోడను మరోసారి తడిమి, తన దుప్పటి తీసుకుని గోడకు దూరంగా అరుగు రెండో చివరికి వచ్చి కూర్చున్నాడు. పంతులుగారూ పీటతో సహా వెనక్కి జరిగారు. ఇది పై మెట్టు అయి ఉంటుందని, గోడకు దూరమవడమంటే లోకానికి దూరమవడమని లాజరుకు వివరించారు. స్వామి లాజరుతో గబగబా రెండు మూడు ముక్కలన్నాడు.

"అవతలాయన్ని కూడా వెనక్కి జరగమనండి అంటున్నాడండి. గోడ పడిపోతుందట."

"దాని అంతరార్థం?"

లాజరు మళ్లీ అడిగాడు. "అంతరార్థం లేదటండి. అడుగున మట్టి కరిగిపోయిందట. మొదటిరోజు నుంచీ తడి గోడ అని చెబుతూనే ఉన్నానంటున్నాడు."

పంతులుగారు గోడ మొదటికేసి చూశారు. అక్కడ మట్టి నానబెట్టిన అటుకుల్లా ఉంది. ఆయన లేచి నిలబడ్డారు. ఏళ్లుగా వకీళ్ల ద్వారా తప్ప పలకని గొంతు ఒక్కసారి విప్పారు.

"ఒరేయ్ భాస్కరం, వెనక్కి జరుగు. గోడ పడుతుంది."

అవతల దీర్ఘంగా, నిదానంగా సాగుతున్న ఊపిరి గురక్ మని ఆగింది. భాస్కరం ధ్యానంలో లేడు, హాయిగా నిద్రపోతున్నాడు. ఆ నిద్రమత్తులోనే జవాబు వచ్చింది: "నీ గోడ పడితే నాకేంటన్నయ్యా."

అరుగు మీద ముగ్గురూ విన్నారు. పంతులుగారు ఆ మాట పట్టుకున్నారు. నీ గోడ. ప్రతివాది తన నోటితో, ఇద్దరు సాక్షుల ఎదుట, అందులో ఒకడు చదువుకున్నవాడు, ఒప్పేసుకున్నాడు. ఇన్నేళ్ల వకీళ్లు లాగలేని మాట అది. ఇంక కావలసినదల్లా తేదీ వేసి రాయించడమే.

అప్పుడే తాటాకు కప్పు ఒకపక్కకి ఒరిగింది.

ఆయన అరుగు దిగిందెప్పుడో ఆయనకే తెలియదు. పంచె పైకి ఎగ్గట్టి, వీధిలోకి దూకి, ఇన్నేళ్లుగా తొక్కనని ఒట్టు పెట్టుకున్న గడప తొక్కి, భాస్కరం ఇంట్లోంచి గోడ పక్క జాగాలోకి పరిగెత్తి, బల్ల మీద కళ్లు నులుముకుంటున్న తమ్ముణ్ణి జబ్బ పట్టుకుని ఒక్క లాగు లాగారు. ఇద్దరూ కలిసి బురదలో పడ్డారు. వాళ్ల వెనక గోడ పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు. అలసిపోయిన గేదెలా మోకాళ్లు మడిచి బల్ల మీద కూలబడింది. బల్ల కనిపించకుండా పోయింది.

గోడ పోయాక రెండిళ్లూ ఒకటిగా కనిపించాయి. అటు అరుగు మీద గంజిస్వామి, చాప మీద లాజరు. ఇటు బురదలో అన్నదమ్ములు. ఈ వాకిట్లోంచి రామతులసి, ఆ వాకిట్లోంచి లలితాంబ పరుగెత్తుకొచ్చారు. మొగుళ్లకు దెబ్బలు తగల్లేదని చూసుకున్నాక, "తులసీ, మొన్న పులిహోర పంపిన గిన్నె ఇంకా మీ ఇంట్లోనే ఉందే" అంది లలితాంబ. పెరటి దారిన గిన్నెలు నడుస్తున్నాయన్న సంగతి మగవాళ్లిద్దరికీ ఆ రోజే తెలిసింది.

భాస్కరానికి మెల్లిగా మత్తు వదిలింది. తను ఏమన్నాడో గుర్తొచ్చింది. బురదలోనే అతని మొహం పాలిపోయింది. అన్న మొహంలోకి చూశాడు, ఆ తరవాత లాజరుకేసి చూశాడు.

లాజరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "నేనూ విన్నానండి. కోర్టులో ప్రమాణం చేయించి అడిగితే నేను అబద్ధం చెప్పలేను" అన్నాడు నిదానంగా.

పంతులుగారు బురద చేతుల్ని పంచెకు తుడుచుకున్నారు. బల్ల ఉన్న చోటుకేసి, అక్కడి మట్టికుప్పకేసి చూశారు. ఆ మట్టి తమ్ముడి మీద పడి ఉంటే ఎలా ఉండేదో ఆయన కళ్లకు కట్టింది. తను పరిగెత్తేటప్పుడు స్వాధీనం అన్న మాట బుర్రలో ఎక్కడా లేదని కూడా అప్పుడే తెలిసింది. అసలు బుర్రలో ఏమీ లేదు. ఇన్నాళ్లు పీట మీద కూర్చుని వెతికితే దొరకనిది పంచె ఎగ్గట్టి పరిగెడుతుంటే దొరికింది, తీరా దొరికినప్పుడు గమనించే తీరిక లేకపోయింది.

"మిమ్మల్ని ఎవరూ అడగరు లెండి, మాష్టారూ" అన్నారు.

లాజరును ఆ వీధిలో ఎవరైనా మీరు అనడం అదే మొదలు. భాస్కరం తల దించుకుని, "కాలు బెణికిందేమో చూసుకో అన్నయ్యా" అన్నాడు. నిజంగానే బెణికింది.

రెండు రోజులకు స్టీమరు కదిలింది. రెండిళ్లవాళ్లూ రేవుదాకా వెళ్లారు. ఏదైనా ఉపదేశం చెప్పమని పంతులుగారు అడిగారు. గంజిస్వామి కాస్త ఆలోచించి, లలితాంబకేసి తిరిగి, నడుము బాగా వంచి దణ్ణం పెట్టి, గంజి చాలా బాగుందని చెప్పమన్నాడు. పంతులుగారు దీని అర్థం ఏమై ఉంటుందా అని కనుబొమలు ముడిచారు. లలితాంబకు మాత్రం అందులో విడమరచవలసిందేమీ కనిపించలేదు. ఆవిడ దారి పొడుగునా నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది.

తరవాతి వాయిదాకు అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో రాజమండ్రి వెళ్లి రాజీ దాఖలు చేశారు. రెండు పక్షాల వకీళ్లూ నొచ్చుకున్నారు. గోడ ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉందని మున్సబు అడిగితే, నేల స్వాధీనంలో ఉందని పంతులుగారు మనవి చేశారు.

తిరుగు పడవలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నీళ్లు తేరుకుంటున్నాయి, ఒడ్డున రెల్లు పూత పడుతోంది. తను గోదావరిని చూస్తున్నానని పంతులుగారికి తోచింది. బంగార్రాజు రాలేదు. ఆ నిమ్మళంలో భాస్కరం మెల్లిగా అడిగాడు, ఆ కూర్చునే పద్ధతి తనకూ చెప్పమని. పంతులుగారు సంతోషంగా మొదలెట్టారు. ఊపిరి పీల్చేటప్పుడు లెక్కపెట్టాలన్నారు. పీల్చేటప్పుడెలా కుదురుతుంది, వదిలేటప్పుడే లెక్క నిలుస్తుందన్నాడు భాస్కరం. నువ్వు నిద్రపోయినవాడివి, నీకేం తెలుసన్నారు పంతులుగారు. స్వామి మెచ్చుకున్నది నా ఊపిరినేగా అన్నాడు భాస్కరం. పడవ కొవ్వూరు చేరేసరికి ఇద్దరి గొంతులూ గట్టు మీదికి వినిపిస్తున్నాయి.

రేవులో ఎదురుచూస్తున్న రామతులసి కంగారుపడి, మళ్లీ ఏం మొదలయిందని అడిగింది. లలితాంబ కాసేపు చెవి ఒగ్గి విని, ఊపిరి గురించేనని చెప్పి, నడవమంది.